లోపలికి పోని పిన్ను

గద్వాలలోని సీడ్ కంపెనీ గెస్ట్‌రూంలో, లాప్‌టాప్ ముందు నేల మీద ఫీల్డ్ ఆఫీసర్ జగదీశ్ శవం పడి ఉంది. కుడి అరచెయ్యి నల్లగా కమిలిపోయింది.

పక్కనే ఒక అడాప్టర్. దాని ప్లాస్టిక్ సగం కరిగింది.

ఎస్సై సుహాసిని వచ్చేసరికి పదిన్నర. అప్పటికే హెడ్ కానిస్టేబుల్ మాసయ్య కేసు తేల్చేశాడు.

"డూప్లికేట్ అడాప్టర్ మేడం. షాక్ కొట్టింది. అమ్మినోడు బస్టాండ్ కాడి ప్రభుదాసు. లాకప్‌ల ఏసిన. సాయంత్రం కోర్టుకు పంపుదాం."

"నువ్వే జడ్జివి కూడ ఐతే ఇంకా తొందరగ ఐపోయేది."

మాసయ్య దాన్ని మెచ్చుకోలు అనుకుని నవ్వాడు.

"దీన్ని ఎవరన్న ముట్టుకున్నరా?"

"మనిషిని సంపిన వైరు ఎవ్వలు ముడ్తరు మేడం?"

సుహాసిని ప్లగ్గు పీకింది. అడాప్టర్ పిన్నును లాప్‌టాప్ రంధ్రంలో పెట్టి నొక్కింది. పోలేదు. తిప్పి నొక్కింది. అయినా పోలేదు.

లాప్‌టాప్‌ను బోర్లించి లేబుల్ చదివింది. పంతొమ్మిది వోల్టులు. అడాప్టర్ మీద చూసింది. పన్నెండు.

పొద్దుటి నుంచీ ఈ గదిలో ఆరుగురు పోలీసులున్నారు. ఒక్కడూ ఈ రెండు అంకెలు చదవలేదు.

స్టేషన్ మెట్ల మీద ప్రభుదాసు భార్య సుప్రియ చంటిపిల్లతో కూర్చుని ఉంది. సుహాసిని నేరుగా లాకప్ దగ్గరికి నడిచింది.

"జగదీశ్ నీ దగ్గర అడాప్టర్ కొన్నడా?"

"కొన్నడు మేడం. మొన్న సోమవారం. పాతది కాలిపోయిందని లాప్‌టాప్ పట్టుకొనే వచ్చిండు."

"పెట్టి చూసినవా?"

"చూడకుండ ఎట్లిస్త? కౌంటర్ మీదనే పెట్టిన. లైటు వెలిగినంకనే పైసలు తీసుకున్న."

"ఇదేనా?" సుహాసిని కాలిన అడాప్టర్‌ను చూపించింది.

ప్రభుదాసు ఊచల్లోంచి తొంగి చూశాడు. "నాది కాదు మేడం. నేనమ్మిన దానెనక మా షాపు ఎర్ర స్టిక్కర్ ఉంటది."

"దొంగ ఇంకేం చెప్తడు మేడం?" అన్నాడు మాసయ్య.

"నువ్వు జర నోర్మూసుకో. నిన్న జగదీశ్ ఎవలితోనన్న లొల్లి పెట్టుకున్నడా?"

మాసయ్య తల గోక్కున్నాడు. "ఆర్గనైజర్ జితేందర్‌తోని గోదాంల ఏదో మాటా మాటా అనుకున్నరంట. పెద్దమనిషి గద అని అడగలే."

జితేందర్ కంపెనీ తరఫున రైతుల దగ్గర పత్తి విత్తనాలు తూకం వేసి కొనేవాడు. సుహాసిని ప్రభుదాసును, మాసయ్యను జీపెక్కించుకుని మల్దకల్ రోడ్డులోని ఆ గోదాముకు బయల్దేరింది.

విత్తనాల మూటలతో రైతులు వరసలో నిలబడ్డారు. తెల్లచొక్కా జితేందర్ రాళ్ల కాటాతో తూకం వేయిస్తున్నాడు. మూలన ఎలక్ట్రానిక్ కాటా మీద గోనెసంచి కప్పి ఉంది.

"ఇదేంది, పాత రాళ్లు దించినవ్?"

"కరెంటు కాటా ఖరాబైంది మేడం. చైనా మాలు."

వరసలోంచి భీమన్న అనే రైతు అందుకున్నాడు. "నిన్న పొద్దుగూకేదాంక మంచిగనే ఉండె మేడం. రాళ్లేస్తెనే మాకు నయం. మూట బరువు పెరిగింది!"

రైతులు గొల్లున నవ్వారు. జితేందర్ నవ్వలేదు.

సుహాసిని గోనెసంచి లాగింది. కాలిన వాసన. కాటా లేబుల్ మీద పన్నెండు వోల్టులని ఉంది. దానికి గుచ్చిన కొత్త అడాప్టర్‌ను తిప్పి చూసింది. ఎర్ర స్టిక్కర్.

"ప్రభుదాసూ, ఇది ఎవలది?"

"జగదీశ్ సారుకు నేనమ్మిందే మేడం!"

ఆమె జితేందర్ వైపు తిరిగింది. "శవం పక్కన పెట్టింది నీ కాటా అడాప్టర్. దాని పిన్ను బొక్క సన్నది, లాప్‌టాప్‌ల దూరనే దూరదు; దీనిది పెద్దది, కాటాల దూరింది. నల్లడబ్బాకు వైరుంటే అన్నీ ఒకటే అనుకున్నవ్. పన్నెండు వోల్టుల కాటాకు పంతొమ్మిది పెట్టి దాన్నీ కాల్చుకున్నవ్. మనిషిని సంపనీకి వచ్చిన తెలివి లేబుల్ చదవనీకి రాలే. మాసయ్యా, నీకో జోడు దొరికిండు."

మాసయ్య తల దించుకుని జితేందర్‌కు బేడీలు వేశాడు. ప్రభుదాసు అప్పటికే ఫోన్‌లో సుప్రియతో మాట్లాడుతున్నాడు.

జితేందర్ బేడీల చేతులతో కాటా వైపు చూపించాడు.

"మూటకు రెండు కిలోలు తక్కువ చూపేటట్టు కాటా మార్పించిన. ఆయన పట్టుకున్నడు, కంపెనీకి మెయిల్ పెడతనన్నడు. బతిమాలనీకి రూంకు పోయిన. ఇనలే. బోర్డుల వైరు పీకి చెయ్యికి పెట్టిన. ఆయన అడాప్టర్ మంచిది, పరీక్ష చేస్తే దొరికిపోతనని జీపుల ఉన్న పాత కాటా అడాప్టర్ తెచ్చి, కాల్చి ఆడ పెట్టిన. తప్పు దుకాణపోని మీదికి పోతదనుకున్న. ఆయన అడాప్టర్ జములమ్మ గుడి కాడ నీళ్లల్ల పారేద్దామనే తీసుకపోయిన మేడం... కొత్తది గద. పాణం ఒప్పలే."