జంపక్క మోరీ మీద పలకని బండి

జంపక్క మోరీ అంటే ఆ దారిన కార్లు నడిపేవాళ్లకు వణుకు. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోతుంటే అడవి మధ్యలో, రోడ్డు కింద వాగు పారే చిన్న మోరీ అది. అక్కడ చచ్చిపోయిన జంపక్క బండ్లను ఆపుతుందట. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు బానెట్ మీద పోస్తేనే దారి ఇస్తుందట. పోశాక కూడా ఆగిన బండ్లున్నాయి... అయినా పోయడం మాత్రం ఎవరూ మానలేదు.

ఈ మాట విన్నప్పుడల్లా ముత్యాలుకు ఒళ్లు మండేది. అతను కార్ల మెకానిక్. జంపక్కకు తోడబుట్టిన తమ్ముడు.

రెండువేల తొమ్మిది వానాకాలంలో, కిరాయి కారు నడిపే మోతీలాల్ భార్య మంగ్లికి నొప్పులు మొదలయ్యాయి. అతని కారు ఆ మోరీ మీద అంతకుముందే రెండుసార్లు మొరాయించింది. ఇంజను కంప్యూటర్ మార్పించినా లాభం లేకపోయింది. అందుకని ముత్యాలును బతిమాలి, బండి కంప్యూటర్లలో లోపం కనిపెట్టే స్కానర్‌తో సహా పక్కన కూర్చోబెట్టుకుని దవాఖానాకు బయల్దేరాడు.

మోరీ చేరేసరికి పొద్దుగూకి చీకటి పడింది. మోతీలాల్ చప్పుడు కాకుండా దిగి, కాయ కొట్టి, నీళ్లు బానెట్ మీద కుమ్మరించి వచ్చాడు. ముత్యాలు పళ్లు కొరికాడు గానీ, వెనక సీట్లో మంగ్లి మూలుగుతుంటే గొడవెందుకని ఊరుకున్నాడు.

బండి మోరీ ఎక్కింది. ఒక్క కుదుపు... అంతే — డాష్‌బోర్డు లైట్లన్నీ వెలిగాయి. ఇంజను ఆగిపోయింది.

ముత్యాలు స్కానర్ తగిలించాడు. బ్రేకుల కంప్యూటర్ దానికి పలికింది. ఇంజను కంప్యూటర్ మాత్రం... ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అన్నా... అక్క వచ్చింది," గుసగుసగా అన్నాడు మోతీలాల్.

"నోర్ముయ్!"

ముత్యాలు బానెట్ ఎత్తి, బ్యాటరీ వైరు తీసి, టార్చి వెలుగులో ఇంజను కంప్యూటర్ కనెక్టర్ ఊడదీశాడు. లోపల పచ్చటి చిలుము... దాని మీద తడి. వేలితో తుడిచి వాసన చూశాడు.

కొబ్బరినీళ్లు! బానెట్ సందుల్లోంచి కారి, సరిగ్గా అక్కడే పడుతున్నాయి.

"గిదిరా మీ దెయ్యం!" అతని అరుపు అడవంతా వినిపించింది. "నీళ్లు పోసి బండి ఆపుకునేది మీరు, పేరు మా అక్కకా? నిండు చూలాలు గిదే మోరీ మీద నిలబడి చెయ్యెత్తితే ఒక్కడన్న ఆపిండా? బతికున్నప్పుడు ఆపనోళ్లు, సచ్చినంక దండం పెడ్తున్నరా?"

చొక్కా విప్పి పిన్నులు తుడిచాడు, గట్టిగా ఊదాడు, మళ్లీ బిగించాడు. ఇంజను కంప్యూటర్ పలికింది. తాళం తిప్పగానే బండి స్టార్టయింది.

"పోనియ్, జల్దీ!" అంటూ ముత్యాలు ఎక్కి కూర్చున్నాడు.

కొంచెం కదిలిందో లేదో... వెనక నుంచి మంగ్లి గొంతు —

"ఆపుండ్రి... ఎవరో అక్క చెయ్యెత్తింది."

మోతీలాల్ కాలు యాక్సిలరేటర్ మీద బిగుసుకుంది.

"ఆపు!" ముత్యాలు అతని భుజం పట్టి ఊపేశాడు. "నువ్వు గూడ ఆపకుంటనే పోతావురా?"

బండి ఆగింది. ముత్యాలు దిగి చూశాడు. మోరీ మీద ఎవరూ లేరు. అయినా వెనక తలుపు తీసి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

లోపల మంగ్లి... పొట్ట పట్టుకుని, కష్టం మీద పక్కకు జరిగి చోటిచ్చింది.