లక్ష్మీకాంతం గారి దగ్గర ఆగిపోయే స్క్రీను

గుడివాడలో మా వీధి చివర ఫొటో స్టూడియోకి మంచి పేరే ఉంది. చెడ్డపేరంతా లోపల వీడియోలు కూర్చే మిక్సింగ్ గదిది. చీకటిపడితే కెమెరామన్ సీమోను కూడా అందులోకి ఒంటరిగా వెళ్లడు. పెళ్లిపందిళ్లెక్కి ఫొటోలు తీసే ధైర్యవంతుడు మరి!

అంతా ఒక స్క్రీను వల్ల. పాత పెళ్లి వీడియో ఒకటి పెడితే చాలు… సరిగ్గా ఒకే చోట ఆగిపోతుంది. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్న ఒకావిడ ఇటు తిరిగి, "ఏవండీ… ఈ చీర నాకు బాగుందా?" అని అడుగుతుంది.

అంతే. బొమ్మ బిగుసుకుపోతుంది. మౌసు కదలదు. ఆవిడ మాత్రం జవాబు కోసం మన వంకే చూస్తూ ఉంటుంది.

ఆవిడ లక్ష్మీకాంతం గారు. పోయి ఏడాది కావస్తోంది.

ఈ సంగతి నాకు చెప్పింది కంప్యూటర్లు బాగుచేసే ఏసుబాబు. కథలల్లే ఓపిక అతనికి లేదు. అందుకే నమ్మాను.

ఒక సాయంత్రం ఆవిడ భర్త చిన్నబాబు గారు చల్లపల్లి నుంచి బస్సులో వచ్చి కూర్చున్నారట.

"ఫొటోలు బోలెడున్నాయి బాబూ. గొంతు ఒక్క దీంట్లోనే ఉంది," అన్నారు.

ఆ వీడియో ఉన్న హార్డ్‌డిస్కేమో అప్పటికే కిర్రుకిర్రుమంటోంది. కాపీ తీద్దామంటే అదీ అక్కడే ఆగుతోంది. అది పాడైపోతే ఆ గొంతు ఇక లేనట్టే. పాపం, ముసలాయన బస్సులో పడ్డ అవస్థంతా వృథా.

ఏసుబాబు ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాడు. ఫ్యాన్లో దుమ్ము ఊదాడు. కేబుల్ మార్చాడు. ఆపి, మళ్లీ ఆన్ చేశాడు.

"ఏవండీ… ఈ చీర నాకు బాగుందా?"

ఆగింది.

బయట వాన మొదలైంది. సీమోను గుమ్మంలోంచే గొణిగాడు — "బాగుందండీ…"

కదల్లేదు.

"నిన్నడగలేదురా," అన్నాడు ఏసుబాబు, స్క్రూ బిగిస్తూ.

అప్పుడు చిన్నబాబు గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"ఏ చీర కట్టినా అడిగేది. నేను ఊఁ అని పేపర్లో తల దూర్చేవాణ్ణి…"

కళ్లజోడు తుడుచుకున్నారు. వంగి, స్క్రీనుకి మాత్రమే వినపడేలా అన్నారు — "చాలా బాగుందే, కాంతం."

బొమ్మ కదిలింది.

ఆవిడ మొహమంతా నవ్వు. "హమ్మయ్య… ఇప్పటికి చెప్పారు!"

సీమోను వానలోనే ఇంటికి వెళ్లిపోయాడు. గొడుగు స్టూడియోలోనే ఉంది.

ఏసుబాబు మాత్రం తొణకలేదు. డిస్కు అక్కడ కాస్త దెబ్బతింది, ఇన్నిసార్లు తిప్పితే కంప్యూటర్ ఎట్టకేలకు చదివింది, అంతే అన్నాడు. "ఆవేళ పెళ్లిలో మీరే జవాబు చెప్పుంటారండీ. మర్చిపోయారు."

చిన్నబాబు గారు తలూపారు. తాను ఒక్కసారైనా చెప్పి ఉంటానన్న మాట ఆయనకి ఎంతో ఊరటనిచ్చింది.

వీడియో నడుస్తోంది. కెమెరా మెల్లగా పక్కకి తిరిగింది. ఆవిడ చుట్టూ అన్నీ ఖాళీ కుర్చీలే. ఎక్కడో దూరంగా, భోజనాల బంతిలో… చిన్నబాబు గారు. తల వంచుకుని పులిహోర తింటున్నారు.

ఏసుబాబు చెయ్యి మౌసు మీదికి పోయింది. ఆపేద్దామనుకున్నానని అతనే ఒప్పుకున్నాడు.

"ఆపకు బాబూ," అన్నారు చిన్నబాబు గారు గుసగుసగా. "ఇంకేమైనా అడుగుతుందేమో."