ఊక గదిలో ఆరు నిమిషాలు

సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు లక్ష్మీప్రసన్న మెడ తడుముకుంది. గొలుసు లేదు.

ఆ క్షణానికి సత్తిరాజు దగ్గర ఉన్నది ఇంత. మొలలో దోపుకున్న మచ్చు సంచి, అందులో గుప్పెడు కొత్త ధాన్యం. జేబులో నిడదవోలుకి రైలు టిక్కెట్టు, ఆరూ పదిది. పక్కన ఇరవై రెండేళ్ల వ్యాపార భాగస్వామి ఉదయ్‌భాస్కర్. ప్రసన్న ఆ భాగస్వామి భార్య.

రామచంద్రపురంలో ఇద్దరిదీ ఒకటే ధాన్యం కొట్టు. నిడదవోలు మిల్లర్‌కి మచ్చు చూపించడానికి బయల్దేరారు. ప్రసన్న చెల్లెలి ఇల్లు కూడా అక్కడే. మర్నాడు ఆ ఇంట్లో ఓణీల ఫంక్షన్. అందుకే తల్లి ఇచ్చిన ఎనిమిది కాసుల గొలుసు వేసుకుంది.

రాజమండ్రిలో రైలుకి మూడు గంటలు ఖాళీ దొరికింది.

"గోదావరి గట్టు మీద ఏదో షో పెట్టారంట. చూసేద్దాం గురువుగారూ" అన్నాడు భాస్కర్. ముగ్గురికీ టిక్కెట్లు తనే కొన్నాడు. టీ తాగినా వంతులు వేసే మనిషి. సత్తిరాజుకి అప్పుడే ఆశ్చర్యం వేసింది.

షో పేరు 'ఏటి లోపల'. పాత పొగాకు గోదాములో నాలుగు చీకటి గదులు. చెప్పులు, ఫోన్లు బయట లాకర్లో పెట్టాలి. కళ్లకి గంతలు కట్టుకుని వట్టి కాళ్లతో నడవాలి. బ్యాచ్‌కి ఎనిమిది మంది. వీళ్లు ముగ్గురు, విశాఖ నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయిలు ఐదుగురు. గంతలు కట్టేదీ, చెయ్యి పట్టుకుని నడిపించేదీ క్రిస్టినా అనే గైడ్.

మొదటి గదిలో ఇసుక. ఎదురుగా పెద్ద ఫ్యాన్ల గాలి, ఆరబెట్టిన వలల వాసన.

రెండో గదిలో చీలమండల లోతు నీళ్లు. ఏరు దాటించే పంటు ఇంజను చప్పుడు. "రెండు మెట్లు దిగాలి, చూసుకో ప్రసన్నా" అన్నాడు భాస్కర్ ఆ చీకట్లో. ఆ తర్వాత క్రిస్టినా అంది, "జాగ్రత్తండి, ఇక్కడ రెండు మెట్లున్నాయి."

మూడో గదిలో ఊక. నేలంతా అడుగు మందాన పోశారు. మిల్లు బెల్టు చప్పుడు నేలలోంచి వస్తోంది. ఉప్పుడు ధాన్యం ఉడికే వాసన. గోడకి ఆనుకుని కూర్చోబెట్టారు. ఎడమ పక్కన సత్తిరాజు, మధ్యలో ప్రసన్న, కుడి పక్కన భాస్కర్. అమ్మాయిలు అవతలి గోడకి. "ఆరు నిమిషాలండి. చేతులు రెండూ ఊకలో పెట్టుకోండి" అంది క్రిస్టినా. ఒక్కొక్కరి నాలిక మీద తాటిబెల్లం ముక్క పెట్టుకుంటూ వెళ్లింది.

సత్తిరాజు చేతికి చెమ్మ తగిలింది. నీళ్ల గదిలోంచి తడికాళ్లతో జనం వస్తూంటే చెమ్మ పట్టదా మరి. తర్వాత ఆ సంగతి మర్చిపోయాడు. అమ్మ మిల్లు వాకిట్లో చేట పట్టుకుని నిలబడిన రోజులు గుర్తొచ్చాయి. నలభై ఏళ్లలో మొదటిసారి ఊక పక్కన కూర్చుని రేటు ఆలోచించలేదు. గంత కింద కళ్లు తడిశాయి.

ఆ ఆరు నిమిషాల్లోనే గొలుసు పోయింది.

నాలుగో గదిలో వాన. పైనుంచి నిజం నీళ్లు. భుజాలు తడుపుకుని అందరూ బయటపడేసరికి నాలుగూ పది.

బయట షో డైరెక్టర్ డేనియల్ నిలబడి ఉన్నాడు. సన్నగా, గడ్డంతో, ముప్ఫై ఐదేళ్ల మనిషి.

"ఎలా ఉందండి?"

"బ్రహ్మాండం" అన్నాడు భాస్కర్. "ఇవాళ్టితో ఆఖరంట కదా. ఆ ఊక ఏం చేస్తారు?"

"పారబోస్తామండి."

"పారబోయడమేంటండి బాబూ! నాకిచ్చెయ్యండి. మిల్లు రేటు కట్టిస్తా. రేపు పొద్దున్నే లారీ వస్తుంది. ఇంకెవరికీ మాటివ్వకండి."

అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. "వ్యాపారం ఎక్కడా మానరన్నమాట అంకుల్!" అంది ఒకమ్మాయి.

నాలుగూ పన్నెండుకి లాకర్లోంచి ఫోన్ తీసుకుని లారీ డ్రైవర్ గణేష్‌బాబుకి చేశాడు భాస్కర్. నాలుగూ ఇరవైకి ప్రసన్న కేక పెట్టింది.

*

ఎస్సై విజయ్ పాల్ నాలుగూ ముప్ఫై ఐదుకి వచ్చాడు. వెంట ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక మహిళా కానిస్టేబుల్.

"గొలుసు ఆఖరిసారి ఎప్పుడు చూసుకున్నారమ్మా?"

"గంతలు కట్టేటప్పుడు ఉందండి. ముడి గొలుసులో పడుతుందని ఆ పిల్లే పక్కకి జరిపింది."

"ఏ పిల్ల?"

ప్రసన్న వేలు చూపించింది.

ఎస్సై క్రిస్టినా వైపు తిరిగాడు.

"లోపల గంతలు లేనిది ఎవరికి?"

"నాకేనండి."

"మెడల దగ్గర చెయ్యి పెట్టింది ఎవరు?"

"నేనేనండి. నా పనే అది కదండీ."

"స్టాఫ్ డోర్ ఉందా?"

"ఉందండి. తాటిబెల్లం పళ్లెం అటునుంచే తెస్తాను."

"అంటే ఒకసారి బయటికెళ్లావు."

"అర నిమిషం. సార్, నాకు డీఎస్సీలో టీచర్ పోస్టు వచ్చిందండి. పోలీస్ వెరిఫికేషన్ ఫైల్ మీ స్టేషన్లోనే ఉంది. ఇప్పుడు నా మీద ఎఫ్ఐఆర్ పడితే..."

"పడకూడదనుకుంటే గొలుసు ఎక్కడుందో చెప్పు."

అందరి బ్యాగులూ వెతికారు. భాస్కర్ జేబులు కూడా చూశారు, సత్తిరాజు మచ్చు సంచి కూడా విప్పారు. ఏమీ లేదు.

"ఊకలో పడి ఉండొచ్చు కదండీ?" అన్నాడు డేనియల్.

"ఆ కుప్ప జల్లించాలంటే రెండు రోజులు. తీసినవాళ్లు ఈపాటికి బయటికి దాటించే ఉంటారు." ఎస్సై కళ్లు స్టాఫ్ డోర్ మీద ఉన్నాయి.

సత్తిరాజు నాలుగూ యాభైకి భాస్కర్‌ని వరండా చివరికి తీసుకెళ్లాడు. అక్కడ బల్ల మీద క్రిస్టినా మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఊక చెమ్మగా ఉంది, భాస్కరం."

"ఉంటే ఉండనీండి."

"బేరం వదిలెయ్. ఇప్పుడే. లోపలికెళ్లి ఒకసారి చూసి రా. నేను ఎవరికీ ఏమీ చెప్పను."

"నేనమ్మేది ఇటుకబట్టీకి, వాడికి ఎండైనా ఒకటే, తడైనా ఒకటే గురువుగారూ. గొలుసు పోయి మా ఆవిడ ఏడుస్తుంటే మీకు ఊక గోలేంటి?"

సత్తిరాజు అతని మొహంలోకి చూశాడు. భాస్కర్ చూపు తిప్పుకున్నాడు.

ఐదూ పదిహేనుకి మహిళా కానిస్టేబుల్ క్రిస్టినాని టిక్కెట్ల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. ఏడు నిమిషాలకి బయటికి తెచ్చింది. అమ్మాయి జడ విప్పి ఉంది. చున్నీ చేతిలో ఉంది. కాలేజీ అమ్మాయిల్లో ఒకతె ఫోన్ ఎత్తి వీడియో తీసింది. 'రాజమండ్రిలో దొంగ గైడ్' అని రాసి ఎక్కడో పెట్టింది కూడా. ఐదున్నరకల్లా డేనియల్ ఫోన్‌కే ఆ వీడియో మూడుసార్లు వచ్చింది.

"స్టేషన్‌కి పద" అన్నాడు ఎస్సై, ఐదూ నలభై ఐదుకి.

క్రిస్టినా లేచింది. ఏడవలేదు. చున్నీ భుజం మీద సర్దుకుంది, అంతే.

"ఒక్క పది నిమిషాలు ఆగండి ఎస్సైగారూ" అన్నాడు సత్తిరాజు. "గొలుసు నేను తీసి చూపిస్తాను."

*

మొదటి గదిలోంచి పెద్ద ఫ్యాన్ ఒకటి వరండాలోకి లాగించాడు. నేల మీద టార్పాలిన్ పరిపించాడు. డేనియల్ మనుషులు ఇద్దరు గంపలు తెచ్చారు.

"గోడ పక్కన మేం ముగ్గురం కూర్చున్నచోట ముందు తియ్యండి. కుడి చివర నుంచి. అడుగు దాకా తవ్వండి."

"ఏం చేస్తారండి?" అన్నాడు ఎస్సై.

"తూర్పారబడతాం. ఎండు ఊక దూరంగా పోతుంది. తడి ఊక దగ్గర పడుతుంది. బంగారం ఫ్యాన్ కిందే పడుతుంది. మీ జల్లెడతో అయితే రెండు రోజులే."

ఫ్యాన్ తిరిగింది. గంప ఎత్తి పోశారు. ఊక వరండా నిండా లేచింది. ఎస్సై టోపీ మీద పడింది, ప్రసన్న జుట్టులో పడింది. రెండో గంప. మూడో గంప. అందరూ టార్పాలిన్ వంకే చూస్తున్నారు. సత్తిరాజు మాత్రం భాస్కర్ని చూస్తున్నాడు.

నాలుగో గంపలో ఏదో టప్పున పడింది.

గొలుసు. టైం ఆరూ రెండు.

ప్రసన్న పరిగెత్తుకెళ్లి తీసుకుంది. క్రిస్టినా బల్ల మీద కూలబడింది.

"కుడి చివర నుంచి తియ్యమన్నారు" అన్నాడు ఎస్సై. "కుడి చివర కూర్చున్నది ఎవరు?"

"మా భాస్కరం."

ఎస్సై భాస్కర్ వైపు తిరిగాడు.

"నేను నలభై ఏళ్లుగా ఊక కొంటున్నానండి" అన్నాడు సత్తిరాజు. "తడి ఊకని వ్యాపారం తెలిసినవాడు ముట్టుకోడు. తూకం తూగుతుంది, మండదు. దాన్ని మిల్లు రేటుకి కొంటానన్నాడు మావాడు. పారబోస్తామన్న సరుకు. ఊరికే ఇమ్మంటే ఊరికే ఇచ్చేవారు. కానీ ఊరికే ఇచ్చే మాటకి గట్టిదనం ఉండదని వాడి భయం. ధర కడితేనే సరుకు తనదవుతుందని ఇరవై రెండేళ్లుగా వాడికి నేనే నేర్పాను."

"గురువుగారూ, నోటికొచ్చినట్టు..."

"మెట్లు దిగకముందే రెండు మెట్లున్నాయన్నావు. గంతలున్నాయి, మొదటిసారి వచ్చావు. ఎలా తెలిసింది?"

డేనియల్ లోపలికెళ్లి రిజిస్టర్ తెచ్చాడు. పోయిన గురువారం పేజీ తీశాడు. ఉదయ్‌భాస్కర్, రామచంద్రపురం, ఒక టిక్కెట్టు.

ఎస్సై చెయ్యి చాపాడు. "ఫోన్ ఇవ్వండి." కాల్ లిస్టు చూశాడు. "లారీకి ఫోన్, నాలుగూ పన్నెండు. గొలుసు పోయిందని మీ ఆవిడ అరిచింది నాలుగూ ఇరవైకి. గొలుసు కొక్కెం చూడండమ్మా. విప్పి తీసి, మళ్లీ వేసి ఉంది."

భాస్కర్ గోడకి ఆనుకున్నాడు. "యాప్‌లో షేర్లు ఆడి పోగొట్టుకున్నానండి" అన్నాడు ఎస్సైతో కాదు, నేలతో. "తాకట్టుకి ఇమ్మని మూడుసార్లు అడిగాను. ఇవ్వనంది. చీకట్లో భుజం మీద చెయ్యేసి కొక్కెం విప్పి, ఊకలో పెట్టేశాను. ఎవరి మీదా పడదనుకున్నాను. జారిపోయిందనుకుంటారనుకున్నాను."

"ఆ అమ్మాయి మీద పడిందిగా" అన్నాడు ఎస్సై. "గంటన్నర చూస్తూ కూర్చున్నారు. ఏమ్మా, కంప్లైంట్ రాస్తారా?"

ప్రసన్న గొలుసు మెడలో వేసుకుంది. కొక్కెం పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. మొగుడి వంక చూడలేదు. క్రిస్టినా వంకా చూడలేదు.

"నా గొలుసు నేనే పడేసుకున్నానండి. ఊకలో జారిపోయింది. కంప్లైంట్ లేదు."

"కొక్కెం వేసి ఉండగా జారిందా?"

"జారిందండి."

"మరి ఈ అమ్మాయికి ఏం చెప్తారు?"

"ఏం చెప్పాలి? దొరికింది కదా." కొంగు సర్దుకుంది. "రేపు ఫంక్షన్‌కి వెళ్లాలండి. చెల్లెలి అత్తవారంతా ఉంటారు."

ఎస్సై జీపు దగ్గరికి వెళ్తూ క్రిస్టినా ముందు ఆగాడు. "నీ ఫైల్ మీద ఏమీ పడదమ్మా." క్షమించమని అనలేదు. ఉద్యోగంలో అది అలవాటు లేనట్టుంది.

భాస్కర్, ప్రసన్న ఒకే ఆటో ఎక్కారు. మధ్యలో బ్యాగు పెట్టుకున్నారు.

*

సత్తిరాజు బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఉద్యోగం నిలబడిందమ్మా. ఇంటికెళ్లు."

క్రిస్టినా జడ అల్లుకుంటోంది.

"థాంక్సండి" అంది. "ఒకటి అడగనా?"

"అడుగు."

"బేరం వదిలెయ్యమని ఆయనకి చెప్పారు కదండీ. ఇక్కడే, నా పక్కనే. అప్పుడు నాలుగూ యాభై. ఎదురుగా గడియారం ఉంది, చూశాను. మీకప్పటికే తెలుసు."

సత్తిరాజు గడియారం వైపు చూశాడు.

"నన్ను గదిలోకి తీసుకెళ్లింది ఐదూ పదిహేనుకండి."

"తనంతట తను ఒప్పుకుంటాడేమోనని చూశానమ్మా. ఇరవై రెండేళ్ల..."

"ఆయన్ని మీరు ఇరవై రెండేళ్లుగా ఎరుగుదురు. నన్ను ఒక్కపూటే." చెంపల మీద ఊక పొట్టు తుడుచుకుంది. "వీడియో మా చర్చి గ్రూపులోకి కూడా వచ్చిందంటండి. అమ్మ ఫోన్ చేసింది."

చెప్పులేసుకుని గట్టు వైపు వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

నిడదవోలు రైలు వంతెన మీదికి ఎక్కిన చప్పుడు వినిపించింది. సత్తిరాజు బల్ల మీద కూర్చున్నాడు.

ఒకరి గొలుసు దొరికింది. ఒకరి ఉద్యోగం ఆగకుండా నిలిచింది. రెండూ తనవల్లే. అంతవరకు లాభం కింద వేసుకోవచ్చు. నాలుగూ యాభై నుంచి ఐదూ నలభై ఐదు దాకా నోరు మూసుకున్న యాభై ఐదు నిమిషాలు అందులోంచి తీసెయ్యాలి. వాటి విలువ ఎంతో ఆయనకి కట్టడం తెలియలేదు. అమ్మాయి మాత్రం కట్టి చెప్పి వెళ్లింది.

భాగస్వామి పోయాడు. రైలు పోయింది.

మొలలోంచి మచ్చు సంచి తీశాడు. వాన గదిలో తడిసింది. విప్పి ఒక గింజ పంటి కింద పెట్టాడు. మెత్తగా నలిగింది. ఏ మిల్లరూ చూడడు ఇక దీన్ని.

పారెయ్యలేదు. మూతి బిగించి మళ్లీ మొలలో దోపుకున్నాడు. పొద్దున తెచ్చుకున్నవాటిలో మిగిలింది అదొక్కటే.