గుండె సాక్ష్యం

నీళ్ల ట్యాంకు నిచ్చెన మీద ముత్తిలింగం సగం ఎత్తుకు చేరేసరికి, కింద నిలబడిన వార్డు కానిస్టేబుల్ తిరుమల ఛాతీ మీది సాక్షిబిళ్ళ ఆకుపచ్చ నుంచి పసుపుకు మారింది. ఆమె గమనించలేదు. ఆమె చూపంతా తుప్పు పట్టిన ఆ మెట్ల మీదే ఉంది.

"ముత్తన్నా, దిగు. మున్సిపాలిటోళ్లు వస్తరని చెప్తున్న గదా," అని కేకేసింది.

"ఆళ్లు రేపంటరు. రేపటిదాక జనం ఏం తాగాలె?" అంటూ అతను ఇంకో మెట్టెక్కాడు.

అతనికి అరవై దాటాయి. కాలనీలో మోటార్లు, వైర్లు బాగుచేసేది అతనే. తిరుమల భర్త చనిపోయినప్పుడు దినాలయ్యేదాకా ఆమె ఇంటి గడప దగ్గరే కూర్చున్న మనిషి. ఆమెకు తోడబుట్టిన అన్న కంటే ఎక్కువ.

ఉన్నట్టుండి ఒక మెట్టు ఊడి కింద పడింది. ముత్తిలింగం కాళ్లు గాలిలో వేలాడాయి. తిరుమలకు గుండె ఆగినంత పనైంది. అతను పక్కనున్న గొట్టాన్ని పట్టుకుని, మెల్లగా జారుతూ, చివరికి నేల మీద కాలు పెట్టాడు. చొక్కా దులుపుకుంటూ ఆమెను చూసి నవ్వాడు. అప్పటికే బిళ్ళ ఎర్రబడింది.

"ముప్పు నిర్ధారణ అయింది," అంది బిళ్ళ ప్రశాంతంగా. "ఎదుటి వ్యక్తిని నిర్బంధించే అధికారం మంజూరైంది. గడువు మూడు నిమిషాలు."

స్థానిక రక్షకుల చట్టం వచ్చి పదకొండేళ్లయింది. అంతకుముందు కానిస్టేబుళ్లు తమకు గిట్టనివాళ్లను లాకప్‌లో వేసి, తమ మీదికి వచ్చారని రాసుకునేవారు. ఆ రాతలకు ఎందరో బలయ్యారు. అందుకే చట్టం వాళ్ల నోటిమాటను పక్కన పెట్టి, ఛాతీ మీది బిళ్ళ చదివే నాడిని నమ్మింది. నలభై రోజుల పరీక్షల్లో ఊరికే బెదరరని, కోపానికి లొంగరని తేలినవారికే ధ్రువపత్రం ఇచ్చారు. అలాంటి మనిషి గుండె భయంతో కొట్టుకుందంటే ఎదుట నిజంగానే ప్రమాదం ఉన్నట్టు లెక్క. సంకెళ్ల స్థానంలో వచ్చిన ముద్రకడియాలు బిళ్ళ అనుమతిస్తే తప్ప బిగుసుకోవు. లాకప్ చావులు ఆగిపోయాయి. తిరుమల ఆ చట్టం మీద గౌరవంతోనే ఉద్యోగంలో చేరింది.

"ఈయన పడతడేమోనని భయపడ్డ. ఈయనను చూసి కాదు," అంది బిళ్ళతో.

"భయం నమోదైంది. రెండు నిమిషాల పది సెకన్లు."

బిందెలు పట్టుకుని నిలబడ్డ జనం వెనక్కి జరిగారు. ముత్తిలింగం మొహంలో నవ్వు పోయింది.

"నేనేం జేసిన చెల్లె?"

"ఏం జెయ్యలే అన్నా. చేతులియ్యి. నేను తీసుకపోకుంటే పక్క వార్డోళ్లు వస్తరు. నువ్వు ప్రమాదమని ఆళ్లకు ముందే చెప్పి పంపుతరు. ఎట్ల గుంజుకపోతరో నాకెరుక."

అతను చేతులు చాచాడు. కడియాలు తొడుగుతుంటే ఆమె వేళ్లు వణికాయి. బిళ్ళ ఆ వణుకును కూడా నమోదు చేసుకుని ముప్పు స్థాయిని ఒక మెట్టు పెంచింది.

స్టేషన్లో పర్యవేక్షణాధికారి వైదేహి అంతా విన్నది. కఠినురాలు కాదామె.

"నీ మాట నేను నమ్ముతున్న తిరుమలా. కానీ నా నమ్మకంతో పనిలేదు. భయం ఎందుకు కలిగిందని రాయడానికి చట్టంలో చోటు లేదు."

"అయితే నా ధ్రువపత్రమే తప్పని రాయండి మేడం."

"రాస్తే ఇన్నేళ్లల్ల నువ్వు చేసిన అరెస్టులన్నీ చెల్లకుంట పోతయి. పెళ్లాన్ని నరికి తన ఇద్దరు పిల్లల మీదికి కత్తి ఎత్తినోడు కూడా ఇంటికి పోతడు. రాయమంటవా?"

తిరుమల సెల్యూట్ చేసి బయటికొచ్చింది.

ముత్తిలింగం ఇరవై ఆరు రోజుల తర్వాత విడుదలయ్యాడు. తిరుమల చూడటానికి వెళ్తే అతని భార్య మల్లికాంబ తలుపు సగమే తెరిచింది. లోపల అతని దగ్గు వినిపిస్తూనే ఉంది.

"ఇంట్ల లేడు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మా మీద పాణం పెట్టుకోకు చెల్లె. నీకు దండం పెడత," అని గొళ్ళెం వేసుకుంది.

ఆ మాట కాలనీ అంతా పాకింది. తిరుమల వస్తుంటే మంచంలో ఉన్న రోగిని లేపి కూర్చోబెట్టేవారు. నెలలు నిండిన ఆడవాళ్లు నొప్పులు పంటి బిగువున ఓర్చుకుని పక్కకు తప్పుకునేవారు. ఆమెకు శత్రువులైనవాళ్లు నిశ్చింతగానే ఉన్నారు. ఆమె ఎవరి మంచి కోరుతుందో వాళ్లే ఆమెను చూసి దాక్కున్నారు. తిరుమల రాజీనామా ఇచ్చింది. కొత్త మనిషికి ధ్రువీకరణ పూర్తయ్యేందుకు ఎనిమిది నెలలు పడుతుందని, అప్పటిదాకా కొనసాగాల్సిందేనని జవాబొచ్చింది. డ్యూటీలో బిళ్ళ తీసేస్తే జైలు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం ఆమె బడి సందులో గస్తీ తిరుగుతోంది. గేటు పక్కన తన తొమ్మిదేళ్ల కూతురు చందన ఒంటరిగా నిలబడి ఉంది. ఎడమచేయి వీపు వెనక దాచుకుంది. మొహం పాలిపోయింది, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

"ఏమైంది బిడ్డా? చెయ్యి చూపియ్యి."

"ఏం కాలే అమ్మా. నువ్వు పోయి డ్యూటీ చేస్కో."

పాప వెనక ఇసుక మీద రక్తం చుక్కలుగా పడుతోంది. తిరుమల ఒక అడుగు వేసింది. బిళ్ళ పసుపయింది. బిళ్ళ ఎర్రబడినా పిల్లలకు కడియాలు వెయ్యరు. ప్రభుత్వ వసతిగృహం బండి వచ్చి తీసుకెళ్తుంది. అలా వెళ్లినవాళ్లు ఏడాదికి ముందు తిరిగి వచ్చింది లేదు.

"దగ్గరికి రాకమ్మా," అంది చందన. నవ్వు ఇంకా అలాగే ఉంది. "సార్ ఆటో పిలిచిండు. నిజంగ నొప్పి లేదు."

తిరుమల గోడ వైపు తిరిగింది. సున్నం పెచ్చులు ఊడిన ఇటుకలను ఒక్కొక్కటే చూస్తూ, శిక్షణలో నేర్పినట్టు నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలింది. వెనక ఆటో ఆగిన చప్పుడైంది. ఎవరో పాపను ఎక్కించారు. దెబ్బతిన్న చేయి దేనికైనా తగిలిందేమో, ఒక్క కేక మొదలై సగంలోనే తెగిపోయింది. పాప తన నోరు తానే మూసుకుందని తిరుమలకు అర్థమైంది.

ఆటో సందు మలుపు తిరిగేదాకా ఆమె ఇటుకల మీది నుంచి చూపు తిప్పలేదు. బిళ్ళ మళ్లీ ఆకుపచ్చగా మారింది.