గాజు గదిలో దాహం

నాంపల్లి స్టేషన్‌లో పొద్దుటి రైలు కూత వేస్తే పెరట్లోని గాజు గది అద్దాలు సన్నగా మోగేవి. ఆ చప్పుడంటే నర్మదకు భలే ఇష్టం. కొత్త కాపురంలో ఆమెకు అన్నీ ముద్దుగానే ఉన్నాయి. భర్త సదాశివ ఆబిడ్స్ నుంచి పొట్లం కట్టించుకొచ్చే బిస్కెట్లూ, ఎండ రాగానే పెరటి గోడ మీద పాకే రంగులూ. గాజు గది అద్దాలకు లోపలి నుంచి పట్టే ఆవిరి మాత్రం ఎవరో ఊపిరి వదిలినట్టుండి భయపెట్టేది.

ముసురులోనూ టమాటా కుళ్ళకుండా పండాలని ఆ గది కట్టించింది ఆమె బావగారు రామచందర్. నిరుడు జ్వరంతో పోయాడు. ఆయన దాచిన విత్తనాల్లో చివరివే ఇప్పుడు కుండీల్లో మొక్కలై ఉన్నాయి. ఇవి చస్తే ఆయన రకం ఇక లేనట్టే. అత్తగారు విద్యావతి పూటపూటా చెంబుతో నీళ్ళు పోసేది.

ఆకులు పసుపెక్కాయి. కాలేజీలో వృక్షశాస్త్రం చదివిన నర్మద, ఆకలేమోనని తెల్లని సీమ ఎరువు గుప్పెడేసి వేసింది. ఆకుల అంచులు మాడిపోయాయి. కంగారుగా ఒక మొక్క పీకి చూస్తే వేళ్ళు నల్లగా కుళ్ళి ఉన్నాయి. ఆ రోజే గదికి తాళం వేసింది.

"తాళం ఎవరేసిన్రు?" మర్నాడు పొద్దున విద్యావతి చెంబుతో నిలబడింది.

"నేనే అత్తమ్మా. నీళ్ళెక్కువై వేళ్ళు కుళ్ళుతున్నయ్."

"మందేసి మాడగొట్టింది నువ్వు. ఇప్పుడు నా నీళ్ళను అంటున్నవా? గిదేం చదువు?"

"ఎరువు తప్పు నాదే. పైపైన గీరి తీసేసిన. కొన్ని దినాలు నీళ్ళు బందు పెడితే మిగిలినవి బతుకుతయ్."

విద్యావతి ముఖం పాలిపోయింది. "మళ్ళ బందా? గాడ వాడు అడుగుతుండు. నీకు వినబడ్తలేదా?"

తాళం వేసిన గదిలో చుక్క చుక్కగా నీళ్ళు రాలుతున్న చప్పుడు.

సదాశివ వచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "జ్వరంల నీళ్ళు తాగిస్తే ప్రాణం మీదికొస్తదని వైద్యుడు చెప్పిండు," అన్నాడు భార్యతో మెల్లగా. "అన్న పోయేదాక నీళ్ళడుగుతనే ఉన్నడు. అమ్మ పక్కనే కూసొని గూడ ఇయ్యలేదు."

నర్మద తాళం తీసి, అత్తను ఒక కుండీ ముందు కూర్చోబెట్టింది. ఆమె వేలు పట్టుకొని మట్టిలోకి దించింది.

"మొక్కనే అడుగుదాం అత్తమ్మా. పొడిగుంటే ఇప్పుడే పోద్దాం. నీళ్ళు నేను మోస్తా."

విద్యావతి చాలాసేపు వేలు తియ్యలేదు.

"చల్లగున్నది," అంది చివరికి. "తడిగనే ఉన్నది బిడ్డా. వీనికి దాహం లేదు."

కోడలి భుజం మీద తల ఆనించి, కొడుకు పోయిన నాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకొని పక్క కుండీ దగ్గరికి జరిగింది.

"జర దీన్ని గూడ చూద్దాం పా."