నూనె రాసుకున్న కెప్టెన్

"నాన్నా, ఆగు! అది టీ కాదు, బ్రష్షులు కడిగిన నీళ్లు!"

నాన్న పెదాల దాకా తెచ్చుకున్న కప్పును చటుక్కున దించేశాడు. లోపల నీళ్లు అచ్చం టీ రంగులోనే ఉన్నాయి.

"కప్పుల్లో బ్రష్షులు ముంచొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని విసుక్కుంటూ వంటింట్లోకి వెళ్లిపోయాడు.

అలా కేక పెట్టిన పిల్లను ఇంట్లో అందరూ పిడుగు అంటారు. వయసు పదేళ్లు. భోజనాల బల్ల నిండా పాత పేపర్లు పరిచి, బొటనవేలంత సైనికుల బొమ్మలను వరుసగా నిలబెట్టుకుంది. వాటితో బల్ల మీద పాచికలు వేస్తూ యుద్ధం ఆడతారు. వాటికి రంగులు వేయడంలో తనను మించినవాళ్లు లేరని పిడుగు నమ్మకం. అది మరీ తప్పేమీ కాదు. గింజంత ముఖంలో కనుపాపల చుక్కలు పెట్టేటప్పుడు కూడా ఆ చెయ్యి వణకదు.

ఈ ఆట నేర్పింది పిన్ని. వారమంతా జనం పళ్లు బాగుచేసే డాక్టరు. సెలవు రోజున మాత్రం అక్కయ్య ఇంటికొచ్చి ఈ బొమ్మల మీద పడుతుంది.

ఆ సాయంత్రమే ఆట. ఒకవైపు నాన్న. రెండో వైపు పిడుగు, ఆమె స్నేహితురాలు నత్త. ఏ పనైనా తాపీగా చేస్తుందని పిడుగే ఆ పేరు పెట్టింది. నత్త ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి కూడా టైము పడుతుంది కదా!

వాళ్ల సైన్యంలోకి కొత్త కెప్టెన్ వచ్చాడు. నెలంతా కూర్చుని నత్త అతనికి ఎర్ర కోటు, నల్ల బూట్లు, మెలితిరిగిన మీసం వేసింది. కోటు బొత్తాలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. ఇక మిగిలింది భుజం మీద నక్క గుర్తు. అది డెకాల్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే పల్చటి స్టిక్కర్. ఆ గుర్తు లేని కెప్టెన్ యుద్ధానికి రాకూడదని ఆ ఇంటి రూలు.

"నీ చెయ్యి వణకదు కదా, నక్కను నువ్వే పెట్టు," అని పొద్దున నత్త కెప్టెన్‌ను దూదిలో చుట్టి తెచ్చి ఇచ్చింది. "పిన్ని చెప్పింది గుర్తుందిగా? ముందు మెరుపు వార్నిష్ వెయ్యాలి."

ఆ మెరుపు వార్నిష్ అంటేనే పిడుగుకు ఒళ్లు మంట. పోయిన వారం నత్త సైనికులు ఆ వార్నిష్‌తో తళతళలాడుతుంటే, "ఏంటే, వీళ్లంతా ఒంటికి నూనె రాసుకుని వచ్చారా?" అని పడీపడీ నవ్వింది. చివర్లో ఎలాగూ మెరుపు పోవడానికి మాట్ వార్నిష్ వేస్తారు. మరి ముందు మెరిపించడం దేనికి? ఆ రెండు చాకిరీలు తనకెందుకనుకుంది.

అందుకే కెప్టెన్‌కు నేరుగా మాట్ వార్నిష్ వేసింది. అది ఆరాక నక్కను నానబెట్టి భుజం మీద పెట్టింది. తడిగా ఉన్నంతసేపు నక్క భలేగా ఉంది. పిడుగు తన భుజం తనే తట్టుకుంది.

తడి ఆరింది. నక్క చుట్టూ తెల్లటి పొర తేలింది. అక్కడక్కడా సన్నటి బుడగలు. నక్క పాల నురగలో మునిగినట్టు కనిపిస్తోంది.

పిడుగు వేలితో నొక్కింది. పొర పోలేదు. ఇంకా గట్టిగా నొక్కి రుద్దింది. నక్క తోక తెగి వేలికి అంటుకుంది.

డెకాల్ కాగితం మీద ఇంకొక్క నక్కే మిగిలింది. అదీ పాడైతే కెప్టెన్ ఈ రోజు డబ్బాలోనే ఉండాలి. నత్త నెల రోజుల కష్టం కూడా అక్కడే ఉండిపోతుంది.

అట్టతో చేసిన కొండ పక్కనే ఉంది. కెప్టెన్‌ను దాని వెనక నిలబెట్టి, ఆ భుజాన్ని గోడవైపు తిప్పితే? ఎవరికీ కనిపించదు. తిప్పి చూసింది కూడా. అప్పుడు కోటు బొత్తాలు ఎదురుగా వచ్చాయి. ఎంత ఓపిగ్గా వేసిందో నత్త! పిడుగుకు సిగ్గేసింది. కెప్టెన్‌ను చేతిలోకి తీసుకుని, పిన్ని ఉన్న పక్క గదిలోకి నడిచింది.

"పిన్నీ, ఇలా ఎందుకైంది?"

పిన్ని భూతద్దం అందించింది. "కోటు మీద చూడు. ఎలా ఉంది?"

"గరుకుగా ఉంది. అన్నీ గుంటలే."

"ఆ గుంటల్లో గాలి చిక్కుకుంది. అదే తెల్లగా కనిపిస్తోంది. మెరుపు వార్నిష్ వేస్తే గుంటలు నిండి నునుపవుతుంది. అప్పుడు డెకాల్ అతుక్కుని కూర్చుంటుంది."

"అంటే అది అందం కోసం కాదా?"

"అందం చివర్లో వస్తుంది. మధ్యలో కాసేపు వికారంగానే ఉంటుంది. ఉండనీ, ఏం కొంప మునగదు."

అంతలో కాలింగ్ బెల్ మోగింది. పిడుగే పరిగెత్తి తలుపు తీసింది. నత్త చెప్పులు విప్పకముందే గడగడా చెప్పేసింది.

"నత్తా, నక్క పాడైపోయింది. నేనే పాడుచేశా. మెరుపు వార్నిష్ వెయ్యలేదు. నీ సైనికుల్ని చూసి నవ్వాను కూడా. సారీనే."

నత్త కెప్టెన్‌ను అందుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. ఆమె కళ్లు తడి అయ్యాయి.

"కోటుకేం కాలేదుగా?"

"ఏం కాలేదు."

"అయితే ఇంకో నక్క ఉందిగా. నువ్వే పెట్టు. ఈసారి మాత్రం నేను పక్కనే కూర్చుంటా."

ఇద్దరూ తోక తెగిన నక్కను తడి దూదితో నానబెట్టి, టేపుతో మెల్లగా లేపేశారు. పిడుగు మెరుపు వార్నిష్ పల్చగా వేసింది. కెప్టెన్ తళతళలాడాడు. ఇక ఆరేదాకా ఆగాలి. పిడుగు జీవితంలో అంతకంటే కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

"సైన్యం రెడీనా?" అని నాన్న హాల్లోంచి కేకేశాడు.

"ఆరిపోయి ఉంటుందే, పెట్టెయ్యవే!" అని తొందరపెట్టింది నత్త. అవును, నత్తే!

"ఆగు," అంది పిడుగు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని కూర్చుంది.

ఆరాక ఆఖరి నక్కను నీళ్లలో వేసింది. లాగలేదు. కాగితం మీంచి అదే జారేదాకా చూసింది. తడి బ్రష్‌తో భుజం మీదకు నెట్టి, గుడ్డ కొసతో నీళ్లు అద్దింది. తడి ఆరిపోయింది. పొర లేదు, బుడగ లేదు. కోటు మీద చేత్తో వేసిన బొమ్మలా ఉంది నక్క. నత్త ఊపిరి పీల్చుకుంది.

కానీ మాట్ వార్నిష్ వేసి ఆరబెట్టే టైము లేదు. కెప్టెన్ అలా మెరుస్తూనే యుద్ధానికి వచ్చి, అట్ట కొండ వెనక నిలబడ్డాడు. నాన్న వంగి చూసి పకపకా నవ్వాడు.

"ఏంటర్రా, మీ కెప్టెన్ ఒంటికి నూనె రాసుకుని వచ్చాడా?"

నత్త పిడుగు వంక చూసింది. పిడుగు కెప్టెన్‌ను కొండ వెనక నుంచి తీసి, అందరికంటే ముందు నిలబెట్టింది. నక్క గుర్తున్న భుజాన్ని నాన్న వైపు తిప్పింది.

"ఇంకా పని పూర్తి కాలేదు నాన్నా. ఆ మెరుపు రేపు పోతుంది, నక్క మాత్రం ఇక్కడే ఉంటుంది. నువ్వు పాచికలు వెయ్యి!"