చైనా డాక్టరుగారి డెబ్బై ఏళ్ళు

ట్రంకుపెట్టె తాళం పగల్లేదు. లోపల బట్టలు మడత నలగలేదు. నోటుబుక్కు మాత్రం లేదు.

అమలాపురం. 1999 మార్చి 12, ఉదయం 9.40.

"మా నాన్నగారు తన జీవితం రాసుకున్న పుస్తకమండి," అంది శారోన్. "ఒక్కో వయసుకి ఒక్కో పేజీ. వాళ్ళ దేశంలో అలా రాసుకుంటారంటండి."

ఆమె తండ్రి చెన్ ఇక్కడ నలభై ఏళ్ళు పళ్ళు కట్టాడు. ఊరికి చైనా డాక్టరుగారు. తెలుగు నేర్చుకున్నాడు, హన్నాను పెళ్ళాడాడు, కిందటి ఆగస్టులో పోయాడు.

"తాళంచెవి ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు?" అడిగాడు ఎస్సై లాజరు.

"ఇద్దరికండి. పాస్టరు సాలమోను గారికి, లెక్చరర్ బాపిరాజు గారికి."

"పాస్టరుగారికి ఆ పుస్తకంతో పనేంటి?"

"సమాధి రాయి గొడవండి. దానిమీద మాటలు నాన్నగారే ముందుగా రాసిపెట్టేరు. వయసు డెబ్బై అన్నారు. చర్చి రిజిస్టర్లో అరవై ఎనిమిది. దిద్దుతానన్నారు పాస్టరుగారు. నేను ఒప్పుకోలేదు."

"బాపిరాజు?"

"నాన్నగారుండగానే తెలుగు దిద్దిపెడతానని చదివేరండి. ఇదిగో చూడండి."

బల్లమీద బాపిరాజు కొత్త నవల పెట్టింది. సాయంత్రమే ఆవిష్కరణ.

"అంతా నాన్నగారి కథేనండి. ఊరు కొత్తపేట చేసేరు. సంవత్సరాలు మూడేసి ముందుకి జరిపేరు. మా నాయనమ్మ పేరు కొట్టేసి వాళ్ళమ్మ పేరు పెట్టుకున్నారు. ఆ పుస్తకంలో తప్ప ఆవిడ నాకు ఇంకెక్కడా లేదండి."

శవం వేలికున్న ఉంగరం లాగినవాణ్ణి చూశాడు లాజరు. పరాయివాడి తల్లిని లాక్కున్నవాణ్ణి ఇదే చూడటం.

మధ్యాహ్నం దాకా నవల చదివాడు. కాగితం మీద ఏవో తీసివేతలు వేశాడు. 2.20కి శారోన్‌కి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాడు.

4.15. ఆవిష్కరణ హాలు. పాస్టరుని, శారోన్‌ని కూడా రప్పించాడు. బాపిరాజు పట్టు లాల్చీలో ఘుమఘుమలాడుతున్నాడు.

"పళ్ళు పీక్కునే చైనావాడు తెలుగులో పుస్తకం రాయడమేంటండీ? ప్రతి అక్షరం నా కల్పనే!"

"మీ హీరో ఎప్పుడు పుట్టేడండి?"

"1933 జనవరి."

"తల్లి పోయింది?"

"1939 వేసవిలో."

"అప్పటికి వాడి వయసు?"

బాపిరాజు పేజీ తిప్పాడు. "ఎనిమిది... అచ్చుతప్పండి."

"ఆరు కావాలి. పెళ్ళినాటికీ రెండేళ్ళు ఎక్కువే. కూతురు పుట్టిననాటికీ అంతే. ప్రతి పేజీలో సరిగ్గా రెండే తప్పుతుందాండీ అచ్చు?"

"రాయి మీదా రెండే ఎక్కువండి," అన్నాడు పాస్టరు నెమ్మదిగా.

"ఆయ్. వాళ్ళ పాత లెక్కలో బిడ్డ పుడుతూనే ఒకటో ఏడు. వాళ్ళ ఉగాదికి అందరికీ ఇంకో ఏడు. డాక్టరుగారు వాళ్ళ ఉగాదికి పదిరోజుల ముందు పుట్టేరు. పదిరోజుల పిల్లాడికి రెండో ఏడు. నాన్నగారు వయసెలా లెక్కేసేవారనే శారోన్‌గారిని ఫోన్లో అడిగాను. బాపిరాజుగారూ, పేర్లు మార్చేరు, ఊళ్ళు మార్చేరు. వయసు మార్చాలని తోచలేదు మీకు."

బాపిరాజు లాల్చీ చంకల్లో తడిసింది.

"నోటుబుక్కు ఏదండి?"

"కాల్చేశాను."

"ఎక్కడ?"

"వేణ్ణీళ్ళ పొయ్యిలో."

శారోన్ నోరు నొక్కుకుంది. ఒక మనిషి బతుకంతా పెట్టి వీడు స్నానానికి నీళ్ళు కాచుకున్నాడు. ముద్దాయిలని కూడా మీరనే లాజరు నోట ఆరోజు అండీ రాలేదు.

"ఛీ! పదరా."

జీపు వెళ్ళిపోయింది. శారోన్ హాల్లో వెనక వరస కుర్చీలో కూర్చుని, అమ్మకానికి పెట్టిన నవల ఒకటి తీసుకుంది. పెన్ను తెరిచి, అట్టమీద పేరు కొట్టేసి తండ్రి పేరు రాసింది. తర్వాత బాపిరాజు తల్లి పేరు కనిపించిన చోటల్లా కొట్టేసి నాయనమ్మ పేరు రాసుకుంటూ వెళ్ళింది.

ఎనిమిదేళ్ళు అన్నచోట పెన్ను ఆగింది. దాన్ని మాత్రం ముట్టుకోలేదు.